ఫ్రిజ్‌లో కమోతే

పేరు పెట్టింది యారెలీ.
కమోతే అంటే మా దగ్గర చిలగడదుంప.
ఉడికించి తొక్క తీసిన రంగు,
అదే నునుపు, అంతే తీరిక.
మెడకు అటు మూడు ఇటు మూడు
ఎర్రటి ఈకల్లాంటి మొప్పలు లేకపోతే
ఎవరైనా పొరపాటున పళ్ళెంలో పెట్టుకుందురు.

మొదటి ఏడాదంతా
ఊరికే భయపడ్డాం.

వేళ్ళ కొసలు నల్లబడ్డాయని
ఒక ఆదివారం బకెట్లో వేసుకుని
రెండు బస్సులు మారి షోచిమిల్కో పోయాం.
బకెట్ మీద నా తువ్వాలు,
తువ్వాలు మీద నా కూతురి ఏడుపు.
దోన్ క్రెసెన్సియో కాలువ గట్టున
పాలకూర కట్టలు కడుగుతున్నాడు.
తువ్వాలు ఎత్తి చూశాడు, నవ్వు ఆపుకున్నాడు.
"మీవాడికి మీసం వచ్చిందమ్మా!"
ఈడొచ్చిందంటే ఆడైనా మగైనా
ఈ రంగు వాటికి వేళ్ళు అలాగే అవుతాయట.
పాలకూర కట్టొకటి చేతిలో పెట్టి పంపాడు.

నీటి పైకి తేలి గుటుక్కున గాలి మింగితే
ఊపిరాడట్లేదనుకున్నాం.
పడుకున్నప్పుడు మొప్పలు పాలిపోతే
రక్తం తగ్గిందనుకున్నాం.
లేచి నాలుగడుగులు వేసిందో లేదో
మళ్ళీ పండుమిరప ఎరుపు.
గంటలకొద్దీ కుండపెంకు కింద
ఉలుకూ పలుకూ లేకుండా ఉంటే
నేను గాజు మీద వేలితో కొట్టేదాన్ని.
యారెలీ నా చెయ్యి పట్టుకునేది:
"అమ్మా, నువ్వు నిద్రపోతుంటే నేనిలా కొట్టనా?"

కొని తెచ్చినప్పుడు ముందుకాలు ఒకటి లేదు,
తోటిది కొరికేసింది.
ముందొక మొటిమ.
మొటిమ మీద చిన్న చీలిక.
చీలికకు, నమ్ముతారా, వేళ్ళు.
నాలుగూ లెక్కపెట్టి యారెలీ గంతులేసిన రోజు
నబోర్ తన కుడిచెయ్యి జేబులో పెట్టుకున్నాడు.
రేకుల ప్రెస్సు కింద పోయిన చూపుడువేలు
ఆరేళ్ళయినా మొటిమ వెయ్యలేదు.

తర్వాత మే నెల వచ్చింది.
మేడ మీది గది. పైన రేకు.
నేను మిల్లులో పొద్దంతా
మొక్కజొన్న పిండి తూస్తున్న రోజులు.
ఈసారి వచ్చింది చప్పుడు చెయ్యలేదు.
తోక కొస కొక్కెంలా కొంచెం వంగింది.
వెనక్కి వాలి ఉండే మొప్పలు
ఎదురుగాలి తగిలినట్టు ముఖం మీదికి తిరిగాయి.
అందంగా ఉందనుకున్నాను.
ఫోటో తీసి చెల్లెలికి పంపాను కూడా.

వానపామును ముందు ఆడిస్తే తల తిప్పుకుంది.
ఒకపూట అలగడం దానికి మామూలే.
మూడు రోజులు అలిగింది.
నాలుగో పొద్దున మొప్ప మీద దూదిపింజ.
ఊదితే ఎగిరిపోయేలా ఉంది.
నీళ్ళలో ఎలా ఊదను?

థర్మామీటరు ఇరవై ఆరు.
ఫోన్లో దోన్ క్రెసెన్సియో నవ్వలేదు.
"ఫ్రిజ్ ఉందా?"
"ఉంది."
"అందులో ఏముంది?"
"వండిన చిక్కుళ్ళు, నబోర్ బీర్లు."
"తీసెయ్యి."

మూత ఉన్న డబ్బాలో, క్లోరిన్ విరిచిన నీళ్ళలో,
జున్ను పెట్టే అరలో కమోతే పడుకుంది.
రోజూ నీళ్ళు మార్చాలి, ముందే చల్లబరిచి.
యారెలీ తలుపుకు కాగితం అంటించింది:
లోపల మనిషి ఉన్నారు.

రాత్రి రెండింటికి షిఫ్టు దిగి
నబోర్ బీరు కోసం తలుపు తీశాడు.
చాలాసేపు వేశాడు కాదు.
"చలి పోతుంది, మూసెయ్" అన్నాను చీకట్లోంచి.
మూశాడు.
బల్ల మీది వెచ్చటి బీరు తాగాడు,
ఎవరినీ ఏమీ అనకుండా.

ఎనిమిదో రోజుకు పింజ ఊడింది.
తోక, నా కళ్ళు అబద్ధం ఆడకపోతే, సాగింది.
వానపామును ఇవ్వడానికి నేను లేచేలోపు
నబోర్ మోకాళ్ళ మీద కూర్చున్నాడు,
నాలుగు వేళ్ళ చెయ్యి నీళ్ళలో ముంచి.
లటుక్కుమంది.

యారెలీ నోటుపుస్తకంలో ఆ రోజు:
మంగళవారం. పద్నాలుగు డిగ్రీలు.
ఒకటిన్నర వానపాము.
మిగతా సగం నాన్న చెయ్యి మీదే ఉంది.